అక్క కొన్న నలభై ఒక్క బ్యాట్లు

మా అక్క కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. భోజనం కూడా సగం నిలబడే చేస్తుంది. కాలు కాలిన పిల్లికి తగ్గ ఉద్యోగమే దొరికింది తనకు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఒక బస్సెక్కడం, నాలుగు స్టాపుల తర్వాత దిగడం, ఇంకో బస్సెక్కడం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. దిగిన చోట పాత సామాన్ల కొట్టు కనబడిందంటే మాత్రం తర్వాతి బస్సు అక్క లేకుండానే పోతుంది. డ్రైవర్లూ కండక్టర్లూ తనని 'బ్యాట్ల మేడం' అంటారు. వెనకాల అంటున్నాం కదా, తెలియదులే అనుకుంటారు. అక్కకు తెలుసు.

అక్క పాత టెన్నిస్ బ్యాట్లు కొంటుంది. చెక్కవి మాత్రమే. వాటిని రాకెట్లు అనాలని చదువుకున్నవాళ్ళు దిద్దుతుంటారు గానీ మా ఇంట్లో ఎప్పుడూ బ్యాట్లే. కొట్లో మూత లేని ఫ్లాస్కులు, కాలు విరిగిన స్టూళ్ళు, ఎవరివో పెళ్ళి ఫోటోల ఫ్రేములు గుట్టగా పడి ఉంటాయి. అందులోకి చెయ్యి దూర్చి పిడి పట్టుకుని లాగుతుంది. ఒక కన్ను మూసి, పిడి దగ్గర్నుంచి కొస దాకా చూస్తుంది, ఎక్కడైనా ఒంపు ఉందేమోనని. తర్వాత రంగు చూస్తుంది, బొమ్మ చూస్తుంది. "ఇది కాదు" అంటుంది. అయినా కొంటుంది.

పదహారేళ్ళలో నలభై ఒకటి పోగయ్యాయి. వరండా గోడకు పద్నాలుగు, మంచం కింద పద్నాలుగు, ఫ్రిజ్ మీద నాలుగు. మిగతా తొమ్మిదీ కింద అంతస్తులో, అంటే మా ఇంట్లో, నా బీరువా పక్కన నిలబెట్టింది. నన్ను అడగలేదు. "చెల్లెలి ఇల్లు నాది కాదా ఏంటి" అంది. నా ఇల్లు తనదే, ఒప్పుకుంటాను. తన ఇల్లు మాత్రం బ్యాట్లది.

మా బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. "ఇంట్లో చోటు చాలకపోతే చెప్పు, నేను షాపులో పడుకుంటా" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. అక్క ఆ సంగతి నిజంగానే ఆలోచించింది.

చూసినవాళ్ళు ఇదంతా సరదా అనుకుంటారు. సరదా కాదు. అక్క వెతికేది ఒకే ఒక్క బ్యాట్. లేత గోధుమరంగు చెక్క, మెడ దగ్గర రెండు ఎర్ర గీతలు, వాటి పైన గంతేస్తున్న లేడి బొమ్మ.

అక్కకు పదిహేనేళ్ళప్పుడు వాళ్ళ స్కూల్లో ఒక్కటే టెన్నిస్ కోర్టు. అందరూ స్కూలు బ్యాట్లతోనే ఆడేవారు. సొంత బ్యాట్ ఉన్నది అక్క ప్రాణ స్నేహితురాలికి ఒక్కదానికే. ఆ అమ్మాయి పొడుగు, అక్క పొట్టి. స్కూలంతా 'పొడుగూ పొట్టీ' అని జంటగా పిలిచేవారు. ఊళ్ళో జరిగిన పోటీల్లో పొడుగు ఫైనల్‌కి వచ్చింది. గెలిచిన పిల్లను పెద్ద శిక్షణ శిబిరానికి తీసుకుంటామన్నారు. ఫైనల్‌కి వారం ముందు అక్క ఆ బ్యాట్ అడిగి తెచ్చుకుంది. వానల రోజులు. ఆడి తెచ్చిన తడి బ్యాట్‌ను తుడవకుండా ప్రెస్‌లో పెట్టింది. ప్రెస్ అంటే బ్యాట్ తలను అటూ ఇటూ నొక్కి పట్టే చెక్క చట్రం. నాలుగు మూలలా నాలుగు మరలుంటాయి. నాలుగింటినీ కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి. అక్క కుదురు తెలిసిందే కదా. ఒక పక్క రెండూ గట్టిగా బిగించేసింది, ఇంతలో ఎవరో పిలిస్తే రెండో పక్క వదిలేసి పరిగెత్తింది. నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే బ్యాట్ తల తడిసి ఆరిన అట్టలా ఒంపు తిరిగి ఉంది.

అక్క చెప్పలేదు. శుభ్రంగా తుడిచి, సంచిలో పెట్టి ఇచ్చేసింది. పొడుగు ఫైనల్లో ఓడిపోయింది. ఆ నెలలోనే వాళ్ళ నాన్నకు బదిలీ అయి ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఆ పిల్ల మళ్ళీ బ్యాట్ పట్టలేదని తర్వాత ఎవరో చెప్పారు.

"దాని బతుకు పాడుచేశానే" అంటుంది అక్క. "అచ్చం అలాంటిదే ఒకటి దొరకాలి. చేతిలో పెట్టి అప్పుడు చెప్పాలి. వట్టి చేతులతో వెళ్ళి ఏమని చెప్పను?"

నా ఉద్దేశం వేరు. ఆరేళ్ళ క్రితం అచ్చం అలాంటిదే దొరికింది. అవే గీతలు, అదే లేడి. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఆ లేడి ఎడమ వైపుకి గెంతేదే, ఇది కుడికి గెంతుతోంది" అని తెచ్చి నా బీరువా పక్కన పడేసింది. ఎప్పటి లేడో ఎటు గెంతిందో గుర్తుందట! పొద్దున తాళాలు ఎక్కడ పెట్టిందో సాయంత్రానికి గుర్తుండదు. బ్యాట్ దొరికితే పొడుగు కోసం వెతకాలి, వెతికి వెళ్ళాలి, వెళితే చెప్పాలి. అందుకే ఏ బ్యాటూ ఆ బ్యాట్ కాలేదు. ఈ మాట ఎన్నోసార్లు నోటి దాకా వచ్చినా మింగేశాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం నా పని. ఒక మంగళవారం పొద్దున పొడుగాటి ఆవిడొకరు డాక్టరు చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. పేరు చదివి తలెత్తాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. పొడుగు స్కూలు గేటెక్కబోయి పడితే తగిలిన గాటది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

నేనెవరో ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేను కాదు. "వచ్చే గురువారం సాయంత్రం ఐదింటికి రండి" అన్నాను. మామూలుగా మూడు రోజుల పని. తొమ్మిది రోజులు అడిగాను. ఆ మాత్రం గడువివ్వకపోతే అక్క భయపడి ఊరు దాటేస్తుందని నా అనుమానం.

ఇంటికెళ్ళి చెప్పగానే అక్క చేతిలో గ్లాసు తీసుకెళ్ళి స్టవ్ మీద పెట్టింది. మళ్ళీ తీసి సింకులో పెట్టింది. మళ్ళీ తీసి స్టవ్ మీదే పెట్టింది.

"ఎలా ఉందే?"

"బాగానే ఉంది. చత్వారం వచ్చింది, అంతే."

"లావయిందా?"

"అక్కా!"

"లావయిందంటే ఆడటం లేదన్నమాట" అని తనే తేల్చేసుకుంది.

ఆ మర్నాటి నుంచి మొదలైంది పరుగు. సెలవు పెట్టింది. ఊళ్ళో ఉన్న పాత సామాన్ల కొట్లన్నీ మళ్ళీ గాలించింది. ఒక కొట్టాయన, "పోయిన వారమే చూశారుగా మేడం, వారంలో బ్యాట్లు పిల్లల్ని పెడతాయా?" అన్నాడట. ఇంట్లో ఫోను మోగితే ఉలిక్కిపడేది. గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూసేది. బావ మౌనంగా ఆ వెనకాలే వెళ్ళి నాలుగోసారి చూసేవాడు. తనని చూస్తుంటే నాక్కూడా కాళ్ళు నిలవకుండా పోయాయి. రెండు అద్దాలు పాడుచేసి షాపు యజమాని చేత తిట్లు తిన్నాను.

సోమవారం మా ఇంటికొచ్చి బీరువా పక్కనున్న ఆ లేడి బ్యాట్ బయటికి లాగింది.

"లేడి కుడికి గెంతినా ఫర్వాలేదా?" అన్నాను.

"దానికి మాత్రం గుర్తుంటుందా ఏంటి" అంది నా మొహం చూడకుండా.

బ్యాట్‌కు గట్ తెగి వేలాడుతోంది. గట్ అంటే అల్లిన తీగలు. బుధవారం మధ్యాహ్నం గట్ వేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళింది. తోడు నన్నూ లాక్కెళ్ళింది. ఆయన చెక్కను గోటితో కొట్టి విన్నాడు. "పాత చెక్కమ్మా, ఎండిపోయి ఉంది. వదులుగా వేసిస్తాను. గోడకు పెట్టుకోవడానికి చాలు" అన్నాడు.

"గోడకు కాదు, ఆడిన మనిషికి ఇవ్వాలి. వదులుగా ఉంటే పట్టుకోగానే తెలిసిపోతుంది. కాస్త బిగించండి."

ఆయన బిగించాడు. అక్క వేలితో మీటి చూసి, "ఇంకాస్త" అంది.

"వద్దమ్మా, ఆగదు."

"నేను చెబుతున్నాగా."

ఆయన లాగాడు. టప్పుమని చిన్న చప్పుడు. తల దగ్గర మొదలైన పగులు సరిగ్గా లేడి మీదుగా మెడలోకి దిగింది.

ముసలాయన నావైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను. మొహంలో బాధ ఉంది, లేదనను. దాని వెనకాల ఇంకోటి కూడా ఉంది. పరీక్ష వాయిదా పడిన పిల్ల మొహంలో కనబడే హాయి. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోనీలే, ఇంకోటి దొరికాక చెబుతాను" అంది వీధిలోకి రాగానే.

"ఎన్నోది దొరికాక? నలభై రెండోదా, ఎనభై రెండోదా?"

"నీకేం తెలుసే నా బాధ!"

"నీ బాధ నాకు తెలియకపోవడమేంటి, నా బీరువా పక్కనే ఉందిగా! నీకు బ్యాట్ అక్కర్లేదక్కా, వెతుక్కోవడం కావాలి. రేపు నువ్వు రాకపోతే నేనే చెప్పేస్తా. నేను చెబితే అది చాడీ. నువ్వు చెబితేనే ఒప్పుకోవడం. నీ ఇష్టం."

అక్క ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది. అది మా ఇంటివైపు వెళ్ళే బస్సు కూడా కాదు.

గురువారం మూడున్నరకే షాపుకొచ్చింది. సెలవులో ఉన్నా యూనిఫాం తొడుక్కుంది, చేతులు వట్టివి. అద్దాలన్నిటి ముందూ జుట్టు సవరించుకుంది. అరల్లో కళ్ళజోళ్ళు సర్దింది, నేను మళ్ళీ సర్దాను. లోపలికొచ్చిన ఒకాయన చేతిలోంచి అలవాటు కొద్దీ చీటీ తీసుకుని చూసింది. యూనిఫాం చూసి ఆయనా అలవాటు కొద్దీ ఇచ్చేశాడు.

ఐదూ పదికి పొడుగు వచ్చింది. అక్కను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందేమో అనిపించింది నాకు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

"పొట్టీ... నువ్వా?" అంది. గొంతులో సంతోషం లేదు. అక్క మొహం పాలిపోయింది. ఇంకా కోపం పోలేదనుకుని ఉంటుంది.

ఇద్దరూ కదలకపోతే ఏం చెయ్యాలో తోచక నేను కొత్త కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని పెట్టుకోలేదు. ఒక కన్ను మూసి, ఫ్రేమును కంటికి ఎదురుగా పట్టుకుని కొస దాకా చూసింది. "ఎడమ పక్క కొంచెం లేచిందమ్మా" అంది. గాజు బల్ల మీద పెట్టి చూశాను. నిజమే. వెంట్రుక వాసి తేడా. ఇన్నేళ్ళ నా సర్వీసులో అది పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

అక్క ఆవిడ చేతులవంకే చూస్తోంది. వారం రోజులుగా బట్టీ పట్టిన మాటలన్నీ ఎటు పోయాయో.

"ఆ రోజు కూడా ఇలాగే చూశావు కదూ?" అంది.

"ఏ రోజు?"

"ఫైనల్ రోజు. బ్యాట్ ఇలా చూసుకోకుండా ఎప్పుడూ కోర్టులో దిగేదానివి కాదు. దాన్ని వంకర చేసింది నేనే, పొడుగూ. మరలు ఒక పక్కే బిగించి వదిలేశాను. నీకు చెప్పలేదు. కానీ నువ్వు చూసే ఉంటావు కదా?"

ముప్ఫై ఏడేళ్ళలో ఈ ఆలోచన అక్కకు ఒక్కసారీ రాలేదు. నలభై ఒక్క బ్యాట్లను అలాగే కన్ను మూసి చూసిన మనిషికి! ఆ మాటకొస్తే నాకూ రాలేదు.

పొడుగు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూశాను. సంచిలోంచి తియ్యగానే చూశాను. ఆటల టీచరు స్కూలు బ్యాట్ తీసుకోమంది కూడా. వద్దన్నాను."

"ఎందుకే?"

"ఎదుటి పిల్ల ఆట అంతకుముందే చూశాను పొట్టీ. నాకంటే ఎంతో బాగా ఆడుతుంది. ఎలాగూ ఓడిపోతానని నాకు తెలుసు. మంచి బ్యాట్‌తో ఓడిపోతే ఇంటికెళ్ళి ఏం చెప్పను?" ఆవిడ తల దించుకుంది. "నీ పేరు చెప్పాను. అమ్మకీ నాన్నకీ చెప్పాను. పెళ్ళయ్యాక ఆయనకి చెప్పాను. మా అమ్మాయికైతే నీ పేరు సామెతలా అయిపోయింది. ఇంట్లో ఏది పాడైనా నీ పేరే అంటుంది. నిన్న ఇస్త్రీ పెట్టె కాలిపోతే కూడా నువ్వే వచ్చి కాల్చావంది. అందరం నవ్వుకున్నాం."

అక్క గుండె మీది రాయి దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. మొహం ఎర్రబడింది.

"నవ్వుకున్నారా? నాకు కంటి నిండా నిద్ర లేదే ఇన్నేళ్ళూ. మీ ఇంట్లో నవ్వుకున్నారా?"

ఆవిడ బల్ల మీది కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది.

"ఫోన్ చెయ్యి" అంది అక్క.

"ఎవరికి?"

"మీ అమ్మాయికి. ఇదంతా చెప్పు."

"ఇప్పుడా? ఇక్కడా? ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం. అప్పుడు నెమ్మదిగా..."

"ఈ ఆదివారం అంటావు. తర్వాత ఇంకో ఆదివారం అంటావు. ఆ సంగతి నీకంటే నాకు బాగా తెలుసు పొడుగూ. చెయ్యి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. నంబరు నొక్కింది. అవతలి మాటలు మాకు వినబడలేదు, ఆవిడవే వినబడ్డాయి.

"నేనే అమ్మా... ఒంట్లో బాగానే ఉంది. విను. నా బ్యాట్ పాడుచేసిందని చెబుతుంటానే, ఆవిడ... ఆ, ఆవిడే. ఇక్కడే ఉంది. వంకర చేసింది తనే. ఓడిపోయింది మాత్రం నేనే. బంగారు బ్యాట్ ఇచ్చినా ఆ రోజు ఓడిపోయేదాన్నే. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను. నాన్నగారికి కూడా."

తర్వాత చాలాసేపు వింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ అక్కకిచ్చింది. "నీతో మాట్లాడతానంటోంది. క్షమాపణ అడగాలట."

అక్క రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది. అవతలి పిల్ల ఏదో అంటోంది.

"అమ్మా, మీ ఇస్త్రీ పెట్టె బాగయిందా?" అని అడిగి, అక్క షాపులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.