వల విడిపోయేదాకా

కామమ్మ కట్టిన ముడి జారడమా? ఆ మాట అని బతికి బట్టకట్టినవాడు పులికాట్ సరస్సు ఒడ్డున లేడు. యాభై ఏళ్లుగా వలలు బాగుచేస్తున్న చేతులవి. అందుకే ఆ ఉదయం, తమ్ముడికి చేర్చాల్సిన వలను ఆటో మీదికి ఎక్కించాక, కొడుకు మస్తాన్ "ఇంకో తాడు ఏస్తానమ్మా" అంటే కసిరింది.

"నేను కట్టినాక నువ్వేందిరా కట్టేది? గమ్మున బండి తియ్యి."

వాకాడు దగ్గర పడుతుండగా ఆ ముడి కాస్తా జారింది. వల కొస గాలికి లేచి, పక్కనుంచి దాటుతున్న కారు సైడు అద్దానికి చుట్టుకుంది. అద్దం పెటుక్కున విరిగింది. బండ్లు రెండూ ఆగిపోయాయి, నడుమ వల వేలాడుతూ.

కారులోంచి తెల్లచొక్కా ఒకడు జాకీ రాడ్డుతో దిగాడు. పేరు నరేంద్రబాబని కారు వెనకాలే రాసుకున్నాడు.

"ఏరా! ఆటో తోల్తన్నావా, నడిరోడ్డున చేపలు పడతన్నావా?"

మస్తాన్ చెయ్యి సీటు కిందికి పోయింది. అక్కడ వీల్ స్పానర్ ఉంటుందని కామమ్మకు తెలుసు. పోయినేడు తడ దగ్గర మస్తాన్ ఇలాగే ఒక లారీ డ్రైవరు తల పగలగొట్టి, ఇరవై రోజులు జైల్లో ఉండి వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఇంకొక్క దెబ్బ వేశాడంటే మళ్లీ లోపలికే.

కామమ్మ నాలుక కూడా దురద పెట్టింది. ఆ నోరు తెరిస్తే తెల్లచొక్కాకు ఏడు తరాల చరిత్ర వినబడేది. కానీ చిక్కుపడిన వల కంటబడింది. తండ్రి జయరామయ్య గుర్తొచ్చాడు.

ఆ రోజుల్లో గాలి తిరిగిందంటే సరస్సులో రెండూళ్ల వలలు ఒకదాంట్లో ఒకటి పడేవి. కండలు తిరిగిన మనుషులు పడవ నడిపే గెడలే ఎత్తి నిలబడేవాళ్లు. నాన్నది ఒకటే మాట. "వల విడిపోయేదాకా ఎవురూ నోరు తెరవగూడదు." అని, ఎదుటి పడవవాడి చేతికే వల కొస అందించేవాడు. రెండు చేతులూ వలలో ఉంటే గెడ పట్టేదెవరు? వలలో ఒక్కో కన్నూ విడదీసేసరికి ఎండ ఎక్కేది, కోపం దిగేది. ఆఖరికి ఒకే నిప్పుతో రెండు చుట్టలు వెలిగేవి. పడవ మొనలో కూర్చున్న తొమ్మిదేళ్ల కామమ్మ మీదికి ఆ పొగ వచ్చేది. ఇప్పుడు ఆ పడవా లేదు, ఆ చుట్టా లేదు.

"మస్తానూ, ఆ స్పానర్ ఆడే ఉండనీ. అద్దం కాడికి పో. ఆయన మీదికి పోబాక, పక్కగా పో."

తను దిగి, రాడ్డు అందనంత దూరంలో నిలబడి వల కొస చాచింది.

"నాయనా, ఇది పట్టుకో. లాగితే నీ కారు రంగు గీసుకుపోతది. ముందు విడదీద్దాం. ఆనక తిట్టుదువు, నేను యాడికీ పోను."

కారు రంగు అనేసరికి రాడ్డు నేల మీదికి చేరింది.

ముగ్గురూ వంగారు. వెనక బండ్ల హారన్లు మోగుతూనే ఉన్నాయి. "ఆ కన్ను కాదు నాయనా, దాని కిందిది" అనడం తప్ప కామమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి వల వదులైంది. నరేంద్రబాబు చేతులు దులుపుకున్నాడు.

"ఇంతకీ దీన్ని కట్టింది ఎవుడు?"

"నేనే సార్," అన్నాడు మస్తాన్.

నరేంద్రబాబు మొహం మళ్లీ ఎర్రబడింది. అమ్మ పరువు కోసం వాడు అబద్ధమాడాడు. ఊరుకుంటే పరువు దక్కుతుంది, కొడుకు దక్కడు.

"వాడు కాదు. నేను కట్టినా. ఇంకో తాడు ఏస్తానంటే నేనే వద్దన్నా. తప్పు నాది."

కట్టుకున్న మొగుడి దగ్గర కూడా ఆమె నోట రాని మాట అది. మస్తాన్ నోరు తెరిచి చూశాడు.

"అద్దం ఏపిస్తాం నాయనా."

"పెద్దదానివి, నీతో ఏం పెట్టుకునేది," అని నరేంద్రబాబు విరిగిన అద్దాన్ని కారులో పడేసి, రాడ్డు తీసుకుని వెళ్లిపోయాడు. చుట్టలొక్కటే తక్కువ, అనుకుంది కామమ్మ.

మస్తాన్ రెండో తాడు తెచ్చి, అడగకుండానే కట్టడం మొదలుపెట్టాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "బిగించి కట్టురా" అని మాత్రం అనకుండా ఉండలేకపోయింది.