ఎల్లారెడ్డి కంప్యూటర్‌లో ఐదు బొమ్మలు

రెండేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం నాడు, కామారెడ్డిలోని ఒక కంప్యూటర్ షాపులో ఫీల్డ్ ఇంజినీరుగా చేరాను. వారం తిరక్కుండానే నాకు ఎల్లారెడ్డి లైను ఇచ్చారు. లైను అంటే ఆ వైపు అమ్మిన మిషన్లన్నీ మన బాధ్యత. పోయి బిగించాలి, సాఫ్ట్‌వేర్ వేయాలి, పాడైతే మళ్లీ పోవాలి. ఆ పని మానేసి ఇప్పటికి ఏడాది. ఇరవై ఆరేళ్ల మనిషి "నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో" అని మొదలుపెడితే నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ ఇంటికి కంప్యూటర్ కొన్నవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, ఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా తీసుకోవాలి, దేనికి డబ్బు కట్టాలి అని అడుగుతుంటారు. ఆ జవాబు నాకు హైదరాబాద్‌లో చదివిన ఏ కోర్సులోనూ దొరకలేదు. ఎల్లారెడ్డిలో ఒక ఇంట్లో తప్పు చేస్తే దొరికింది.

మా షాపులో మూడు మెట్లు ఉండేవి. పైన యజమాని శ్రీనన్న. బల్ల ముందు కూర్చుని మిషన్లు విప్పేవాళ్లు బెంచ్ టెక్నీషియన్లు. బస్సెక్కి తిరిగేవాళ్లం ఫీల్డ్ ఇంజినీర్లం. మెడలో కార్డు మీద ఇంజినీర్ అని ఉండేది గానీ మా ఇంజినీరింగ్ అంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేది. దాని పేరు ఫుల్ లోడ్. ఒక మిషన్‌లో అన్నీ వేసి, దాన్ని అచ్చంగా నకలు తీసి పెట్టుకున్నది. కొత్త మిషన్‌లో గుచ్చితే అరగంటలో ముప్పై ఒక్క సాఫ్ట్‌వేర్లు దిగిపోతాయి. ఫొటోలు మార్చేది, సినిమాలు కత్తిరించేది, ఇళ్ల ప్లాన్లు గీసేది, జాతకం చెప్పేది, తెలుగు ఫాంట్లు, ఆటలు. చాలావరకు డబ్బు కట్టి కొనాల్సినవే, తాళం పగలగొట్టినవి. ఆ దొంగ తాళంచెవి పని చేయాలంటే మిషన్‌లో వైరస్‌ను ఆపే కాపలాను ముందు ఆపేయాలి. మేం ఆపేవాళ్లం. మళ్లీ పెట్టేవాళ్లం కాదు, పెడితే అది ఆ తాళంచెవిని పట్టి పారేస్తుంది కాబట్టి. కాపలా తీసేసిన మిషన్లకే బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, జనం వాడుకుంటూ ఉండేవాళ్లు.

పని అయ్యాక జాబ్ కార్డు నింపి సంతకం తీసుకోవాలి. అందులో "కస్టమర్ అవసరం" అని ఒక గడి ఉంటుంది. షాపులో అందరూ అందులో "ఫుల్" అని రాసేవాళ్లు. నేనూ అదే రాశాను.

సుజాతక్క ఇల్లు ఎల్లారెడ్డి బస్టాండుకు దగ్గర. భర్త పొలం చూసుకుంటాడు. ఆమె బీఎడ్ చేసి, టీచర్ పోస్టుల పరీక్షకు చదువుతోంది. వయసు లెక్క ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. పాత మిషన్ మొరాయిస్తోందని ఆ ఇంటివాళ్లు మా దగ్గర కొత్తది కొన్నారు. నేను బిగిస్తుంటే ఆమె వెనక నిలబడి తనకేం కావాలో చెప్పింది. ఆమెతో పాటు చదివే ఆడవాళ్లు దాదాపు ముప్పై మంది ఉన్నారని, వాళ్ల కోసం నోట్సు తెలుగులో టైప్ చేసి ప్రింట్లు తీసి పంపుతానని చెప్పిందట. "అట" అంటున్నాను, ఎందుకంటే ఆ సమయంలో నేను ఫోన్‌లో ఒక స్నేహితురాలితో మెసేజీల్లో గొడవ పడుతున్నాను. తల ఊపాను. వినలేదు.

లోడ్ అయిపోయింది. సుజాతక్క మామ వచ్చి కళ్లద్దాలు సరిచేసుకుని తెర ముందు వంగాడు. ఊళ్లో అందరూ ఆయన్ను బాపు అనే పిలుస్తారు. వేలితో ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ బొమ్మను, అంటే ఐకాన్‌ను, ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఆ లైనులో ఇది మామూలే. తెర మీద ఎన్ని బొమ్మలుంటే మిషన్ అంత గట్టిదని లెక్క.

"ఏంది బిడ్డా, ముప్పై ఒక్కటేనా? ఎన్క ఇంట్ల శంకరోళ్ల దాంట్ల ముప్పై నాలుగున్నయి. నేను పోయి ఎంచి వచ్చిన."

"బాపు, ఎక్కువుంటే ఎక్కువ పని చేస్తదా?" అన్నాను.

"పని సంగతి నాకెర్కలేదు. పైసలు శంకరోళ్లిచ్చినన్నే ఇచ్చినం, బొమ్మలు తక్కువెందుకుంటయి? పట్నం పిల్లవు, పోన్ల మునిగి మర్చిపోయినవ్."

"మామా, పోనియ్యి. అవన్నీ మనమేం జేస్కుంటం?" అని సుజాతక్క అంటూనే ఉంది. నాకు కోపం నెత్తికెక్కింది. మూడు కావాలా, ఇదిగో మూడు అని, ఎప్పుడో ఎక్కడి నుంచో పెన్‌డ్రైవ్‌లో చేరిన మూడింటిని చూడకుండా గుచ్చాను. ఒకటి పాటలు దించేది, ఒకటి తెరను మెరిపించేది, మూడోది ఏమిటో నాకే తెలియదు. ముప్పై నాలుగు. బాపు తృప్తిగా సంతకం చేశాడు.

ఐదు వారాల తర్వాత సుజాతక్క ఫోన్ చేసింది. "మేడం, ఫైళ్లన్నిటికి తోకలొచ్చినయి. ఒక్కటి తెరుస్త లేదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. పోయి చూశాను. రెండేళ్ల నోట్సు. ప్రతి ఫైలు పేరు చివర అర్థం లేని అక్షరాలు, పక్కన డబ్బు పంపితే తాళం తీస్తామని ఇంగ్లిష్‌లో ఒక చీటీ. పాత మిషన్‌లోని ఫైళ్లు ఇందులోకి మార్చి, ఆ పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో మా షాపే తీసుకుంది, తుడిచి అమ్మేసింది. ఇలాంటి తాళాల్లో కొన్నింటికి ఉచితంగా విడగొట్టే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. నాకు తెలిసినవన్నీ ప్రయత్నించాను. దీనికి లేదు. డబ్బు పంపినా తీస్తారన్న నమ్మకం లేదు. అది వచ్చిన దారి వెతికితే నేను కోపంతో గుచ్చిన మూడోది దొరికింది.

శ్రీనన్నకు ఫోన్ చేశాను. "గదేం కొత్తనా? ఇంకో లోడు కొట్టి రా. కార్డు మీద వైరస్, కస్టమర్ తప్పు అని రాయి" అన్నాడు. రాయను అన్నాను. తప్పు మనదే అని రాస్తానన్నాను. ఇద్దరం అరుచుకున్నాం. ఆ రోజు కార్డు మీద నేను "ఇంజినీర్ తప్పు" అనే రాశాను. ఆ నెల జీతంలో కోత పడింది, ఆ సంగతి వేరు.

అప్పటికి పరీక్షకు ఇరవై రోజులుంది. సుజాతక్క ఏడవలేదు. మంచం మీద కూర్చుని అడిగింది: "ఏం దొరుకుతది, ఏం దొర్కదు, గది చెప్పు." ఫైళ్లు దొరకవు అన్నాను. "కాయితాలున్నయి గద" అంది.

కాగితాలు ముప్పై ఇళ్లలో ఉన్నాయి. ఆమె తీసిన ప్రింట్లు బస్సుల్లో నస్రుల్లాబాద్, పెద్దకొడప్‌గల్, జుక్కల్ దాకా పోయాయి. వాటిని అదే దారిలో వెనక్కి రప్పించాలని ఆమె నిశ్చయం. ఆ సాయంత్రమే అందరికీ ఫోన్లు చేసింది. రెండో రోజు నుంచి కట్టలు డ్రైవర్ల చేతికి, బాన్సువాడలో బస్సు మారి, ఎల్లారెడ్డికి రావడం మొదలైంది. కొన్నింటి మీద పసుపు మరకలు, కొన్నింటి మీద పిల్లల గీతలు. మహారాష్ట్ర అంచున ఉన్న జుక్కల్ నుంచి వచ్చిన కట్టలో అంచుల నిండా మరాఠీలో రాసుకున్న గుర్తులు.

నా వంతు మిషన్. మొత్తం తుడిచేశాను. అప్పుడే ఇంకో సంగతి బయటపడి సిగ్గేసింది. ఆ కంపెనీ మిషన్‌తో పాటు అసలు విండోస్ వచ్చింది, దాని ధర వాళ్లు మిషన్ ధరలోనే కట్టేశారు. మేం అలవాటు కొద్దీ దాన్ని తీసేసి, దాని చోట దొంగది వేశాం. అసలుది మళ్లీ వేయగానే, ఏ తాళంచెవీ అడగకుండా నిలబడింది. దాంతో పాటే వచ్చిన కాపలా కూడా మేల్కొంది. ఇంట్లో వాడే మిషన్‌కు అది సరిపోతుంది, ఇంకో యాంటీవైరస్ కొనక్కర్లేదు.

మొదటిసారి జాబ్ కార్డులోని ఆ గడి దగ్గర ఆగి, ఫోన్ పక్కన పెట్టి అడిగాను: అక్కా, నువ్వు దీని మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తావు? తెలుగులో టైప్ చేస్తాను, పేజీలు సర్ది ప్రింట్ తీస్తాను, పాత ప్రశ్నపత్రాలు దించుకుని చదువుతాను అంది. అంతే. ముప్పై నాలుగు కాదు, నాలుగు పనులు కూడా లేవు.

రాతకు ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేశాను, కొనేదాంట్లో ఉన్నవాటిలో ఆమెకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ప్రశ్నపత్రాలు చదివి, పేజీలు కలపడానికి ఒక ఉచిత పీడీఎఫ్ రీడర్. ఇంటర్నెట్‌కు ఒక బ్రౌజర్. టైపింగ్ దగ్గర పేచీ వచ్చింది. విండోస్‌లోనే ఉచితంగా తెలుగు కీబోర్డు ఉంటుంది. యూనికోడ్ పద్ధతిలో రాస్తుంది, అంటే ఏ మిషన్‌లో, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. దాన్ని పెట్టి, ఇదే నేర్చుకో అన్నాను. ఆమె రెండు వాక్యాలు కొట్టి చేతులు తీసేసింది. ఆమె కామారెడ్డి ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న అక్షరాల అమరిక వేరు.

"ఉచితంగా ఉన్నదాన్ని వదిలి కొంటావా?" అని గొంతు పెంచాను.

"పరీక్షకు పంతొమ్మిది రోజులున్నయి నవ్యా. గిప్పుడు నా చేతి ఏళ్లను బళ్లె చేర్పిస్తవా?" అంది, గొంతు పెంచకుండానే.

ఇంకో దారి వెతికాను. ఆమె అమరికతోనే యూనికోడ్‌లో రాసే సాఫ్ట్‌వేర్ ఉంది, డబ్బు కట్టాలి. ఆమె కట్టింది. నేనిస్తానంటే కసురుకుంది. మొత్తం మిషన్‌లో కొత్తగా కొన్నది అదొక్కటే.

ఇక కాగితాలు. రెండేళ్ల రాత మళ్లీ కొట్టే సమయం లేదు. ఫోన్‌తో పేజీ ఫొటో తీస్తే అక్షరాలను గుర్తుపట్టి రాతగా మార్చే ఉచిత సదుపాయం ఉంది. అచ్చు తెలుగును బాగానే చదువుతుంది, ఒత్తుల దగ్గర తడబడుతుంది, పసుపు మరక ఉంటే వదిలేస్తుంది. తొమ్మిది రోజులు నేను పొద్దుటి బస్సుకు లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయి, లైను పని చూసుకుని, మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో కూర్చున్నాను. నేను ఫొటో తీసి పంపేదాన్ని, ఆమె తెర మీద తప్పులు దిద్దేది. దిద్దుతూనే చదివేసేది. "రెండేండ్లల్ల గింత మంచిగ సద్వలే" అంది ఒకసారి. "ఎప్పుడు సూడు పోన్ పట్టుకుంటది అనుకుంటి, పనికొచ్చింది తియ్" అన్నాడు బాపు. మరాఠీ గుర్తుల పేజీని మాత్రం ఫోన్ రెండు భాషలు కలిపి పచ్చడి చేసింది. ఆ ఒక్కటి సుజాతక్క చేత్తోనే కొట్టింది.

ఫైళ్లు మళ్లీ పోకుండా ఐదోది వేశాను, నోట్సు ఫోల్డర్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి నకలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. డిస్క్ ఎప్పుడూ గుచ్చి ఉంటే లాభం లేదు, వైరస్ దాన్నీ పట్టుకుంటుంది. రోజూ గుచ్చి, నకలు అయ్యాక తీసి బీరువాలో పెట్టే మనిషి కావాలి. చదువుకునే ఆమెకు ఆ పని పెట్టదలచుకోలేదు. బాపు వైపు చూశాను.

ఆయన అప్పటికే తెర ముందు వంగి లెక్కపెడుతున్నాడు. "ఐదేనా? గీ చెత్తబుట్ట కూడ లెక్కలకొస్తదా?"

"రాదు బాపు. ఐదే. ఒక్కొక్కటి ఎందుకుందో మీ కోడల్ని అడుగు, చెప్తది. రోజు పొద్దుగాల ఎంచు. ఆరోది కనిపిస్తే ఎవ్వరినీ ముట్టనియ్యకు, నాకు ఫోన్ చెయ్యి."

"గంటే నేను కావలోన్నా?"

"అవును."

ఆయన బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

పరీక్షకు ఆరు రోజుల ముందు, దిద్దిన నోట్సులో ఆఖరి కట్ట ప్రింట్లు ఆ ముప్పై మందికి పోవాల్సిన పొద్దున, నేను కామారెడ్డి బస్టాండులో ఉండగా ఆయన ఫోన్. "బిడ్డా, ఆరోది వచ్చింది." ముందు రోజు పండ్ల బండి వాడి మైకులో వేయడానికి పాట దించుతానని వెనక ఇంటి శంకర్ వచ్చి ఏదో వేశాడట. కోడలు పొలంకాడ ఉంది. బాపు మిషన్ ప్లగ్గు పీకేసి, కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. "ముట్టనిస్త లేను. సుజాత వచ్చినా ముట్టనియ్య, నువ్వొచ్చేదాంక" అన్నాడు. పోయి చూస్తే నేను మొదటిసారి గుచ్చిన మూడింటిలో ఒకదాని లాంటిదే. అది ఇంకా ఏ ఫైలునూ ముట్టలేదు. తీసేశాను, బీరువాలోని డిస్క్‌తో ఫైళ్లు సరిచూశాను, ప్రింట్లు తీశాం. మధ్యాహ్నం బస్సుకు కట్టలు పోయాయి.

సుజాతక్కకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పెద్దకొడప్‌గల్ వైపు ఒక బడిలో పని చేస్తోంది. మరాఠీ గుర్తులు రాసుకున్న జుక్కల్ ఆమెకు మాత్రం రాలేదు.

ఆ తర్వాత షాపులో ఉన్నన్నాళ్లూ నేను ఫుల్ లోడ్ వేయలేదు. శ్రీనన్నకూ నాకూ రోజూ పడేది కాదు, చివరికి నేనే మానేశాను. ఈ పని నాకు నేర్పింది ఇంతే. మిషన్‌లో ఏం వేయాలో మిషన్‌ను చూసి చెప్పలేం. ముందు మనిషి చేసే పని అడగాలి, విని కాగితం మీద రాయాలి. ఆ పనికి ఉచితంగా దొరికేది సరిపోతే డబ్బు కట్టడం దండగ. ఆ మనిషి చేతి అలవాటు, సమయం దగ్గర ఉచితం సరిపోకపోతే కట్టాలి. తాళం పగలగొట్టినది ఏ ధరకైనా వద్దు. ఏం వేసినా, రోజూ చూసుకునే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. "కస్టమర్ అవసరం" గడి ఖాళీగా ఉన్నంతసేపు పెన్‌డ్రైవ్ జేబులోంచి బయటికి రాకూడదు.