రాజవ్వ మడిలో ఊపిరాడని మట్టి

1986 వానాకాలం. కరీంనగర్‌లో రైతులు తెచ్చే మట్టిని పరీక్షించే ప్రయోగశాలలో నేను చేరి అప్పటికి కొన్నేళ్లయింది. నాది మైక్రోబయాలజీ విభాగం, అంటే మట్టిలో కంటికి కనిపించని జీవాల సంగతి చూసే పని. "మన్నుల బతికేటోళ్ల మంచిచెడ్డలు అర్సుకునే మేడం" అని మా అటెండరు నన్ను వచ్చినవాళ్లకు చూపించేవాడు. మొదట్లో చురుక్కుమనేది. తరవాత ఆలోచిస్తే, నా ఉద్యోగానికి అంతకంటే సరైన పేరు పై అధికారులు కూడా పెట్టలేదనిపించింది.

ఆ ఏడు పెద్దపల్లి వైపు కొన్ని ఊళ్లకు కొత్తగా కాలువ నీళ్లు వచ్చాయి. తరతరాలుగా జొన్న, కంది పండిన రేగడి భూములు ఒక్కసారిగా వరి మడులయ్యాయి. జనం కాలువకు కొబ్బరికాయలు కొట్టారు, పసుపు కుంకుమ చల్లారు. ఆ సంబరం చూసి మేమూ మురిసిపోయాం. నాట్లు వేసిన కొన్ని వారాలకు మాత్రం చేతిలో మట్టి సంచులతో మనుషులు మా వరండాలో బారులు తీరడం మొదలైంది.

అలా వచ్చింది రాజవ్వ. యాభై దాటిన మనిషి. వస్తూనే నా బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టి మూత తీసింది. లోపల బురదతో సహా పీకి తెచ్చిన వరి మొక్క ఉంది. కుళ్లిన గుడ్డు కంపు గదంతా కమ్ముకుంది. నా పక్క బల్ల దగ్గరి సహోద్యోగికి సరిగ్గా అప్పుడే చాయ్ గుర్తొచ్చింది.

"బిడ్డా, నా వరి ఎర్రవడి కాలిపోతుంది. నీళ్లకు కరువు లేదు. పెంట ఎరువు రెండింతలు తోలిన. దుకాణపాయన ఏ మందంటే గా మందు కొట్టిన. ఏం గుణం రాలే."

వేళ్లు బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఎప్పటి నుంచి నీళ్లు నిలబడి ఉన్నాయని అడిగాను.

"నాటు ఏసినకాడికెల్లి. ఒక్క చుక్క బయటికి పోనియ్యలే" అంది గర్వంగా.

ఆమె ఎందుకంత పట్టుదలగా ఉందో తరవాతి మాటల్లో తెలిసింది. భర్త పోయాక మరిది లింగయ్య, ఒంటరి ఆడమనిషితో సాగు కాదని, ఆమె వంతు భూమి కూడా తానే దున్నుతానని పట్టుబట్టాడు. రాజవ్వ నలుగురిని కూర్చోబెట్టి, కొట్లాడి తన వంతు విడదీయించుకుంది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"గీ పంట పోతే వాడన్నదే నిజమైతది. భూమి వాని చేతుల పెట్టి నేను తమ్మునింట్ల కూసోవాలె. జర నా పొలం నిలబెట్టు బిడ్డా."

పొలంలో నీళ్లెక్కని మిట్ట మూల ఏదైనా ఉంటే అక్కడి మట్టి కూడా తెమ్మన్నాను. తెచ్చింది. రెండు చోట్ల మట్టినీ పెట్రీ డిష్‌లలో వేసి చూశాను. పెట్రీ డిష్ అంటే మూత ఉన్న చిన్న గాజు పళ్లెం, అందులో సూక్ష్మజీవులకు తిండి పోసి పెంచుతాం. అవి పెరిగాక రెండు పళ్లాలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కి రాజవ్వ ఊరు వెళ్లాను. మడి ఒడ్డు మీద కూర్చుని ఆమెకు చూపించాను. మిట్ట మట్టి పళ్లెంలో తెల్లగా పిండి చల్లినట్టు బోలెడన్ని మచ్చలు. బురద మట్టి పళ్లెంలో అవి అక్కడక్కడ మాత్రమే.

"గివి నా భూమిలయేనా?" అని రాజవ్వ కళ్లు పెద్దవి చేసింది.

"నీయే అవ్వా. తొలివాన పడంగనే మన్ను వాసన వస్తది చూడు, గా వాసన పుట్టించేటియి ఇవే. వీటికి గాలి కావాలె. నువ్వు నీళ్లు కదలకుండ పెట్టినవు, పైకెల్లి పచ్చి పెంట తోలినవు. పెంట కుళ్లుకుంట ఉన్న గాలంత తినేసింది. ఇవి సప్పవడ్డయి. గాలి లేకుండ బతికే ఇంకో తీరు జీవాలు లేచినయి. గా కంపు వాటిదే."

ఆ రెండో రకాన్ని మేము ఎనరోబిక్ బ్యాక్టీరియా అంటాం. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వేళ్లను దెబ్బతీస్తుంది. అవి ఎక్కడి నుంచో కొత్తగా రావు. ఎండు నేలలోనూ ఒక మూల నిద్రపోతూ ఉంటాయి, అదను దొరకగానే పెత్తనం అందుకుంటాయి. చాలా ఏళ్ల తరవాత, ధ్రువాల దగ్గర పర్మాఫ్రాస్ట్ అనే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగి నీళ్లు నిలిస్తే, అక్కడి మట్టిలోనూ ఇలాగే జీవాల రాజ్యం మారిపోతుందని చదివాను. చదువుతుంటే నాకు కనిపించింది మాత్రం మంచు కాదు, పెద్దపల్లి దగ్గరి ఆ మడి.

"మరి ఏం చెయ్యాలె?" అంది రాజవ్వ.

"నీళ్లన్ని తీసెయ్యాలె. నేల సన్నగ పగుళ్లు వట్టేదాక ఆరవెట్టాలె."

ఆమె ముఖం మాడిపోయింది. "నీళ్లు సూడకుండనే మా అత్త సచ్చిపోయింది. ఇంటిముందటికి వచ్చిన నీళ్లను ఎళ్లగొట్టుమంటవా? గండి కొడితే ఎవని మడిల పడ్తయో ఎరుకేనా? కిందిది లింగయ్యది! కాలువ కొసకున్నది, వానికి నీళ్లందుతలేవు. నా నీళ్లతోని వాని పంట పండాల్నా?"

పెట్రీ డిష్‌లో లింగయ్య కనిపించడు కదా. పైగా ఇంకో భయం కూడా దాచకుండా చెప్పాల్సి వచ్చింది. కాలువ నీళ్లు వంతుల వారీగా వస్తాయి. మడి ఆరబెట్టాక వంతు తప్పితే రేగడి నేల నోళ్లు తెరుస్తుంది, వరి ఎండిపోతుంది.

"నీకు నమ్మకమేనా బిడ్డా?"

"మన్ను సంగతి నమ్మకమే అవ్వా. కాలువ సంగతి నేను చెప్పలేను."

"కాలువ సంగతి ఎవలు చెప్తరు తియ్" అని లేచింది. పార తీసుకుని, పళ్లు బిగబట్టి, తన చేత్తోనే ఒడ్డుకు గండి కొట్టింది. నల్లటి నీళ్లు బుడబుడమంటూ కిందికి దిగాయి. అవతలి ఒడ్డున ఉన్న లింగయ్య నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. రాజవ్వ అటు చూడలేదు.

వారం తిరిగేసరికి భయపడ్డంతా అయింది. పైన ఎక్కడో కాలువ కట్ట తెగిందని, వంతు ఎప్పుడొస్తుందో తెలియదని మా వరండాలో రైతులు అనుకుంటుంటే విన్నాను. నా మాట నమ్మి ఒక మనిషి తన బతుకును ఎండలో పెట్టింది. తెల్లారి మొదటి బస్సుకే బయలుదేరాను. ఏ ముఖం పెట్టుకుని ఆమె ముందు నిలబడాలా అని దారంతా ఒకటే ఆరాటం.

పొలం దగ్గరికి వెళ్లేసరికి రాజవ్వ, లింగయ్య ఎదురెదురుగా నిలబడి గూడ వేస్తున్నారు. గూడ అంటే రెండు వైపులా తాళ్లు కట్టిన బుట్ట. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఒకే ఊపున ముంచి, కింది నీళ్లను పైమడిలోకి చిమ్ముతారు. ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే నీళ్లు మధ్యలోనే ఒలికిపోతాయి. మాటల్లేని ఆ ఇద్దరి చేతులూ ఒక్క తీరుగా ఊగుతున్నాయి.

నన్ను చూసి లింగయ్య సిగ్గుపడ్డాడు. "వదినె నీళ్లు వదినెకే ఇస్తున్న మేడం. గియ్యి రాకపోతే నా మడి ఎప్పుడో ఎండిపోతుండె."

"మాటలు బందువెట్టి తాడు గుంజు" అంది రాజవ్వ.

పొద్దున్నే గూడ భుజాన వేసుకుని అతనే వచ్చాడట. "పట్టు వదినె" అన్నాడట, అంతే. నేను మడిలోకి దిగి ఒక మొక్క పీకాను. నల్లబడిన వేళ్ల మధ్య నుంచి తెల్లటి కొత్త వేళ్లు దారపు పోగుల్లా వస్తున్నాయి. మట్టిని వాసన చూశాను. మామూలు తడి మట్టి వాసనే. కళ్లు చెమర్చాయి. అది పొగ వల్ల అని చెప్పుకోవడానికి చుట్టుపక్కల పొయ్యి కూడా లేదు.

వంతు నీళ్లు వచ్చేదాకా ఆ గూడే మడిని కాపాడింది. పంట మరీ గొప్పగా పండలేదు కానీ నిలబడింది. భూమి రాజవ్వ చేతిలోనే ఉండిపోయింది. మరుసటి ఏడు ఆమె ప్రయోగశాలకు వచ్చి, నేను అడగకముందే చెప్పింది.

"ఈపాలి నువ్వు చెప్పకముందుకే నీళ్లిడిసిన బిడ్డా. నా మడి ఆరుతది, లింగయ్య మడి తడుస్తది. ఇద్దరం మాట్లాడుకునే చేసినం."

మట్టిలో గాలి ఎంత ఉంటే ఏ జీవి లేస్తుందో నాకు పుస్తకాలు నేర్పాయి. మడిలోంచి వదిలిన నీళ్లు ఒడ్డు దాటి ఎవరి దగ్గరికి పోతాయో కనుక్కోవాలని ఆ వదినా మరుదులు నేర్పారు. ఆ ఇద్దరి మేలూ నేను మరవలేను. రిటైరయ్యేదాకా మట్టి పట్టుకుని వచ్చిన ప్రతి వరి రైతునూ మొదట కూర్చోమని, మంచినీళ్లిచ్చి, ఒకటే అడిగేదాన్ని: "నీ కింది మడి ఎవలది? వాళ్లతోని మంచిగున్నవా?"