ముందుగా రాసే ఉత్తరం

ఆ రోజుల్లో ఒక బీడీ కంపెనీ తరఫున బీడీలు చుట్టే షెడ్లు తనిఖీ చేసేవాణ్ణి. పనిలో పసిపిల్లలు ఉండకూడదు, అదీ నేను చూడాల్సింది. వెళ్లేముందు షెడ్డు యజమానికి ఉత్తరం రాసేవాణ్ణి, అదొక మర్యాదనుకుని.

ఒక మధ్యాహ్నం ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూంలో, ఆ ఊళ్లోనే ఖరిదా పేటలో ఉండే తెలుగావిడ నా పక్కన కూర్చుంది. వెంట తొమ్మిదేళ్ల కూతురు. మరమరాలు తినేసి, ఆ పిల్ల పొట్లం కాగితాన్ని చకచకా బీడీలా చుట్టి, మొన గోటితో మడిచింది.

“ఏటమ్మా, పిల్లని బడికి పంపలేదా?” అన్నాను.

“బీడీల షెడ్డుకెళ్తాది బాబూ. రేపు కంపెనీ బాబు వత్తన్నాడని ఉత్తరం వచ్చినాదట. పిల్లలకి రెండ్రోజులు సెలవిచ్చినారు.”

“ఆ బాబు రోజూ వత్తే బాగుణ్ణు,” అంది పిల్ల.

ఆ బాబుని నేనే. ఇంకో షెడ్డుకి వెయ్యాల్సిన ఉత్తరం నా సంచిలో ఉంది. ఇప్పటికీ వెయ్యలేదు.