అప్ప గ్రైండరు, నా ప్రతాపం

ఆ రోజుల్లో భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో జీతాల వారం వచ్చిందంటే సెక్టర్ల వీధుల్లో రెండు రకాల మనుషులు కనబడేవారు. ఛాతీ విరుచుకుని నడివీధిలో సైకిలు తొక్కేవాళ్లు ఒక రకం, పెరటి సందులోంచి చప్పుడు చెయ్యకుండా ఇల్లు చేరేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు కిస్తీలు వసూలు చేసేవాళ్లు, రెండోవాళ్లు కట్టవలసినవాళ్లు. ఫ్యాను, రేడియో, కుట్టుమిషను, ఏదైనా కిస్తీల మీద కొనే కాలం అది. బీకాం తప్పి ఇంట్లో తిట్లు తింటున్న నేను, దుర్గ్‌లో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు పెట్టిన మా చిన్నాన్న పుణ్యమా అని ఉన్నట్టుండి మొదటి రకంలో చేరిపోయాను. హిందీ సినిమాల్లో సేఠ్ తరఫున బాకీలు రాబట్టే రౌడీలను చూసి నేర్చుకున్న నడక ఒకటి ఉండేది నాకు. స్టేషను బయట కొన్న నల్ల కళ్లద్దాలు కూడా ఉండేవి. (మీసం మాత్రం ఎంత బతిమాలినా రాలేదు.)

ఈమధ్య టీవీలో అలాంటి వసూళ్ల మీదే తీసిన హిందీ హాస్య సినిమా ఒకటి వచ్చింది. అది చూస్తూ మా అబ్బాయి తన స్నేహితుడితో, "మా నాన్న కూడా ఒకావిణ్ణి ఏడిపించి కిస్తీ కట్టించాడు, తెలుసా" అని గర్వంగా చెప్పాడు. మా బంధువుల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న కథ అది. సెక్టర్ టూలో ఒక మొండి బాకీదారు ఇంట్లో నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాననీ, ఆవిడ ఏడ్చి కాళ్లమీద పడి డబ్బు ఇచ్చిందనీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ ఉన్న మాట ఒక్కటే నిజం. తక్కినది నా నోటితో నేనే సరిదిద్దవలసిన అబద్ధం.

ఆవిణ్ణి వీధంతా గ్రైండరప్ప అనేవారు. మా వైపు అక్కని అప్ప అంటారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి. భర్త ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరు. బంధువుల క్వార్టరు వెనక వేసిన రేకుల షెడ్డులో కాపురం. వీధిలో తెలుగు ఇళ్లన్నిటికీ రోలే దిక్కయిన రోజుల్లో, ఆవిడ మా చిన్నాన్న దగ్గర ఎలక్ట్రిక్ గ్రైండరు తీసుకుని, గిన్నెకింత అని ఇరుగుపొరుగుకి పిండి రుబ్బి ఇచ్చేది. మొదట్లో కిస్తీలు సక్రమంగానే వచ్చేవి. తర్వాత భర్త కాలు విరిగి మంచాన పడ్డాడు. బండి తోలకపోతే కాంట్రాక్టరు పైసా ఇవ్వడు. ఇక ఆ షెడ్డులో గ్రైండరు తిరిగితేనే పొయ్యి వెలగాలి. కిస్తీలు వెనకబడ్డాయి. చిన్నాన్న నన్ను పిలిచి, "ఈ నెల కిస్తీ అయినా తే, గ్రైండరైనా తే. ఉత్త చేతుల్తో వచ్చావంటే మళ్లీ బీకాం పుస్తకాలు పట్టుకుందువు గాని" అన్నాడు. ఆ పుస్తకాల బెదిరింపుకి నేను నిజంగానే భయపడ్డాను.

శనివారం పొద్దున్నే రిక్షా మాట్లాడుకుని వెళ్లాను. వంటింటి సంగతి బొత్తిగా తెలియనివాణ్ణి కాబట్టే శనివారం ఎంచుకున్నాను. ఆదివారం తెలుగు ఇళ్లలో ఇడ్లీ, దోశ తప్పవనీ, శనివారం ఆ షెడ్డు ముందు వీధి వీధంతా గిన్నెలు పెట్టుకుని నిలబడుతుందనీ నాకేం తెలుసు? నీళ్లలో ఉబ్బిన మినప్పప్పు, బియ్యం, వరసగా గిన్నెలు.

"అప్పా, కిస్తీ ఇస్తావా, గ్రైండరు తీసుకెళ్లనా?" అన్నాను, కళ్లద్దాలు తియ్యకుండా.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని నన్ను కిందకీ మీదకీ చూసింది. "సగం ఉంది తమ్ముడూ. మిగతాది వచ్చే వారం ఇచ్చీగలను."

"కుదరదు."

"అయితే తీస్కెల్లు. మీ సొమ్ము మీరు తీస్కెల్తామంటే నానేటంటాను? ఈ గిన్నెలోల్లకి మాత్రం నువ్వే సెప్పీ."

గిన్నెలవాళ్లు అప్పటికే నా చుట్టూ చేరారు. పక్క క్వార్టరు దీదీ (రాయ్‌పూర్ మనిషి, దోశ నేర్చుకుని మాకన్నా ఎక్కువ తినేది) నడుం మీద చెయ్యి వేసుకుని, "భయ్యా, మేరీ దాల్ రాత్ సే భీగీ హై. ఇసే కహాఁ లే జావూఁ?" అని, రాత్రి నుంచి నానిన పప్పు ఎక్కడికి మోసుకుపోవాలో చెప్పమంది. విజయనగరం పెద్దావిడ ఒకామె ఇంకా సూటిగా, "ఏరా బాబూ, నానిన పప్పు నీ నెత్తిన పొయ్యనా? రుబ్బినాక పట్టుకుపో, ఎవులొద్దన్నారు?" అంది.

న్యాయంగానే తోచింది. గిన్నెలయ్యేదాకా ఆగుతానన్నాను. నేను బోల్తా పడింది అక్కడే. ఒక గిన్నె అవుతుంటే రెండు వస్తున్నాయి. గ్రైండరు వెళ్లిపోతోందని కబురు పాకి (పాకించింది అప్పే), ఆ వారం నానబోసే ఆలోచన లేనివాళ్లు కూడా నానబోసుకుని తెచ్చారు. రిక్షావాడు, "మోర్ కిరాయా కోన్ దిహీ, బాబూ" అని తన కిరాయి సంగతి కాసేపు గొణిగి, అప్ప పోసిన అట్లు తిని, నీడలో పడుకున్నాడు.

మధ్యాహ్నం భర్తకి అన్నం పెట్టాలని అప్ప లేచింది. "తమ్ముడూ, ఖాళీగా కూకున్నావు కదా. అంచులకంటిన పిండి లోపలికి తోస్తా ఉండు. సెయ్యి రాయి కిందెట్టకు, మీ సిన్నాన్నకి నాను జవాబు సెప్పుకోలేను."

తొందరగా అయితే తొందరగా పట్టుకుపోవచ్చునని చొక్కా చేతులు మడిచాను. కళ్లద్దాలు మొదటి గిన్నెలోనే జారి పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. దీదీ మాత్రం లోపలికి వెళ్లి నవ్వుకుని వచ్చింది. మంచం మీద నుంచి అప్ప భర్త, "అలగ కాదు, కుడిపక్కకి తొయ్యి... సాలు సాలు, ఇప్పుడు ఎడం" అని లారీ వెనక్కి తీస్తున్నట్టు చెబుతుండేవాడు. అప్ప మళ్లీ నన్ను లేవమనలేదు, నేనూ లేవలేదు. సాయంత్రానికి మోచేతుల దాకా పిండి.

పొద్దు వాలేవేళకి అప్ప కొంగు ముడి విప్పింది. పొద్దుటి సగానికి ఆనాటి రుబ్బుడు డబ్బులు తోడై కిస్తీ నిండింది. రిక్షా కిరాయి కూడా తనే ఇచ్చింది. గ్రైండరు షెడ్డులోనే ఉండిపోయింది.

చిన్నాన్న డబ్బు లెక్క చూసుకుని, "ఎలా రాబట్టావురా?" అన్నాడు. "సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదల్లేదు చిన్నాన్నా" అన్నాను. అది అబద్ధం కాదు. తర్వాత నలుగురిలో చెబుతూ ఆయన, ఆవిడ ఏడ్చిందన్నాడు. నేను కాదనలేదు. ఇంకోసారి కాళ్లమీద పడిందన్నాడు. తల వంచుకుని, మొహమాటపడుతున్నట్టు నవ్వాను. ఆ నవ్వే నేను చేసిన తప్పు. ఎందుకంటే అప్ప ఏడవగా చూసినవాళ్లు లేరు. కిస్తీలన్నీ తీర్చింది, భర్త మళ్లీ లారీ ఎక్కేదాకా ఇల్లు నడిపింది, పిల్లల్ని చదివించింది, ఇప్పుడు భిలాయిలోనే నెహ్రూ నగర్‌లో టిఫిన్ల హోటలు పెట్టింది.

సినిమా చూసిన మర్నాడు మా అబ్బాయిని ఆ హోటలుకి తీసుకెళ్లి, వాడి ఎదుటే ఆవిడకి అంతా చెప్పేశాను. అప్ప గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టుకుని చివరిదాకా వింది.

"అంతా సెప్పీసినావా?"

"చెప్పేశానప్పా."

"మరి నువ్వు రుబ్బిన పిండి సంగతేటి?"

తొందరలో నేను నీళ్లు గుమ్మరించేశానట. నేను రుబ్బిన గిన్నెల్లో ఏ ఒక్కదాని దోశా ఆ ఆదివారం పెనం మీంచి లేవలేదట. దీదీతో సహా ఆ ఇళ్లన్నిటికీ అప్ప తన సొంత పప్పు నానబోసి, మళ్లీ ఊరికే రుబ్బి ఇచ్చిందట. "ఆ సాయంత్రమే నాతో అనాల్సింది కదా" అన్నాను.

"గిన్నెలు సూడగానే తెలిసిపోనాది తమ్ముడూ. అనీదాన్నే. అంత సంబరంగా రిచ్చా ఎక్కుతున్నావు, ఎనక్కి పిలిసి అనబుద్ధి కాలేదు."

మా అబ్బాయి నవ్వాడు, అప్పా నవ్వింది, నేనూ కలిశాను. ఎండిన పిండి చేతుల మీంచి రాలుతుండగా, ఖాళీ రిక్షాలో కాలు మీద కాలు వేసుకుని దుర్గ్ వైపు విజయయాత్రగా వెళ్లిన ఆ కుర్రాడంటే నాకిప్పుడు కోపం లేదు. వెనక గుమ్మంలో నీళ్ల పిండి గిన్నెల మధ్య నిలబడి, వాడి సంబరం చెడకూడదని నోరు మూసుకున్న మనిషి వైపు ఒక్కసారి తిరిగి చూసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడల్లా నాలో నేనే కాస్త సిగ్గుగా నవ్వుకుంటాను.