ఎడమ చివర బెత్తెడు

నా కుడిచేతి బొటనవేలి గురించి నేను చాలా ఏళ్లు గొప్పలు చెప్పుకున్నాను. రెండు అల్యూమినియం రేకుల్ని అంచుకి అంచు చేర్చి బిగించాక, ఆ సందు మీద ఒక్కసారి వేలు రాస్తే చాలు, వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేసేవాణ్ణి. సందు కొలిచే గేజి సొరుగులో పడి ఉండేది. పదిమంది చూస్తుండగా వేలితో తేల్చేయడంలో ఒక దర్జా ఉందని నా నమ్మకం. ఇప్పుడు ఆ వేలిని చూసుకుంటే సిగ్గేస్తుంది.

మాది విజయనగరం దాటాక వచ్చే ఒక చిన్న ఫ్యాక్టరీ. కరెంటు ఆటోలకి బ్యాటరీ పెట్టెలు చేస్తాం. రేకుల్ని లేజర్‌తో అతుకుతాం. నేను వెల్డింగ్ ఇంజనీర్ని. వంటింట్లో గిన్నెగా ఉన్నంతకాలం అల్యూమినియం అంత సాధువు లేదు. అతకబోతే దాని పెంకితనం తెలుస్తుంది. రేకు మీద కంటికి కనబడని పొర ఒకటి ఉంటుంది, దాన్ని గీకిపారెయ్యాలి. తేమ గానీ నూనె గానీ ఏ కాస్త మిగిలినా, కరిగిన లోహంలో బుడగలు పుట్టి, చల్లారేసరికి లోపలే కన్నాలుగా ఉండిపోతాయి. పైకి అతుకు నున్నగానే కనిపిస్తుంది. రెండువైపులా పట్టి లాగితే మాత్రం ఆ కన్నాల దగ్గరే తెగుతుంది.

మొదట్లో మా అతుకులన్నీ అలాగే తెగేవి. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చాను. వానల్లో సముద్రం మీది గాలికి ఇక్కడ అన్నీ చెమ్మగిల్లుతాయి కాబట్టి రేకుల్ని వెచ్చటి గదిలో ఆరబెట్టించాను. కరిగిన లోహానికి గాలి తగలకుండా వదిలే ఆర్గాన్ గ్యాసు గొట్టం వంపు మార్చాను. బుడగలు బయటికి పోయే వ్యవధి ఉండాలని, లేజర్ కిరణాన్ని తిన్నగా కాకుండా చిన్న చిన్న సుళ్లు తిప్పుతూ నడిపించాను. అతుకు బలం బాగా పెరిగింది, ఒక్కచోట తప్ప. ఏ పెట్టె తీసుకున్నా ఎడమ చివర బెత్తెడు మేర కోసి, సానబెట్టి, భూతద్దం కింద పెడితే మళ్లీ అవే కన్నాలు. పెట్టెలు కొనే కంపెనీవాళ్లు నెల గడువిచ్చారు. మేనేజరు రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

రేకులు శుభ్రం చేసే పని ఒకావిడది. యాభై ఏళ్లుంటాయి. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే బట్టీలో చాలాకాలం పనిచేసి వచ్చింది. జీడి సొనకి కాలి కాలి ఆమె వేళ్ల కొసలు నల్లగా కమిలిపోయి ఉండేవి. జిడ్డు వదిలించే ఎసిటోన్‌తో తుడిచి, వైరు బ్రష్షుతో ఒకే దిక్కున గీకి, రేకుని ఎడమ కొస పట్టుకుని తెచ్చి నాకు అందించేది. ఆ ఎడమ కొస నా బుర్రలో పడింది.

ఒక ఉదయం అందరూ మిషను చుట్టూ ఉండగా ఆమెని పిలిచి, గ్లవ్స్ తీసి చేతులు చూపించమన్నాను. చూపించింది. వాటిని నేను ముట్టుకోలేదు, పెన్నుతో చూపిస్తూ మాట్లాడాను. ఏళ్ల తరబడి నూనె పట్టిన చేతులివి, గ్లవ్స్ వేసినా లాభం లేదు, నా అతుకులు పాడవుతున్నది ఇందువల్లే అన్నాను. ఆమె నా వైపు కాదు, తన చేతుల వైపే చూసుకుంది.

“ఇవి మచ్చలు బాబూ, మురికి కాదు. గీకినా పోవు” అంది.

ఏదైతేనేం అన్నాను నేను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె చేతులకి గ్లవ్స్ ఉండేవి, నా చేతులకి ఉండేవి కావు. ఇది అక్కడున్న వాళ్లలో ఎవరికైనా తట్టిందో లేదో తెలీదు. తట్టినా నాతో ఎవరంటారు? నేను సారుని కదా.

ఆమెని ఆవరణ ఊడ్చే పనిలోకి మార్చారు. నాలుగు రోజులు ఊడ్చింది. ఐదో రోజు నుంచి రాలేదు. ఆమె స్థానంలో వచ్చినతను కూడా బాగానే తుడిచేవాడు. కన్నాలు మాత్రం అక్కడే, ఎడమ చివర బెత్తెడు మేర, ఎప్పటిలాగే ఉన్నాయి.

మూడు వారాల తర్వాత రేకు అంచు తగిలి నా బొటనవేలు తెగింది. కట్టు కట్టారు. తప్పక సొరుగులోంచి గేజి తీశాను. ఆ వారం కోసిన ముక్కల్లో ఒక్క కన్నం లేదు. కట్టు విప్పి మళ్లీ వేలితో చూడటం మొదలుపెట్టాక కన్నాలూ మళ్లీ మొదలయ్యాయి. రేకుల్ని పట్టి ఉంచే బిగింపులు అడ్డం ఉండటంవల్ల ఆ సందు మీద వేలు ఆనించడానికి చోటు ఎడమ చివరనే ఉంటుంది, అదీ బెత్తెడే. నాకు తలకి కొబ్బరినూనె లేకుండా గడప దాటే అలవాటు లేదు. ఆలోచిస్తూ జుట్టు సవరించుకోవడం ఇంకో అలవాటు. శుభ్రంగా తుడిచి ఇచ్చిన రేకు మీద, లేజర్ పడబోయే క్షణంలో, ఆ నూనె వేలిని నేనే రోజూ రాస్తున్నాను. అది తెలిసిన రోజు క్యాంటీన్‌కి వెళ్లలేకపోయాను. అన్నం డబ్బా ఇంటికి అలాగే పట్టుకెళ్లాను.

అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గుట్టుగా గేజికి మారిపోయి, శుభ్రపరిచే పద్ధతిలో మార్పులవల్ల నాణ్యత పెరిగిందని రిపోర్టు రాశాను. మేనేజరు భుజం తట్టాడు. ఆ తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మాట్లాడమని పిలిచారు. నూనె మరకకి అతుకు ఎంత బలం కోల్పోతుందో చెబుతూ, జీడిబట్టీ చేతుల కథ కూడా చెప్పాను. పిల్లలు నవ్వారు. నిజం తెలిసిన ఐదు నెలలకి చెప్పిన కథ అది. పొరపాటని సర్దుకోవడానికి నాకు వీల్లేకుండా చేసింది ఆ నవ్వే.

మా ఇల్లు శ్రీకాకుళంలో. మొన్న ఒక ఆదివారం అరసవల్లిలో ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కన లాడ్జిలోంచి ఉతకాల్సిన దుప్పట్ల మూట పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. నేను మొహం తిప్పుకునే లోపే గుర్తుపట్టింది. మూట కింద పెట్టి, చేతులు చెంగులో దాచుకుని పలకరించింది. కూతురింట ఉంటున్నానంది. ఆ తర్వాత ఆమె అడిగింది నా క్షేమం కాదు, ఆ పెట్టెల సంగతి.

“ఆ బుడగలు పోనాయా బాబూ?”

పోయాయన్నాను.

“పోన్లెండి. నాను వచ్చీసిందే మంచిదయినాది. ఈ రెండేళ్లూ మా పిల్ల ఇంట పిండి కూడా కలపనేదు. నా సేతుల్లో ఏటో ఉన్నాదనుకున్నాను.”

ఆటో వచ్చి ఆగింది. ఎక్కలేదు. అక్కా, నీ చేతుల్లో ఏమీ లేదు, అది నా వేలు అని చెప్పాను. నూనె సంగతి, కట్టు సంగతి, రిపోర్టు సంగతి చెప్పాను. కాలేజీ సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెంగులోంచి చేతులు తీసి కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. క్షమించమని అడగబోతుంటే ఆపింది.

“అప్పుడు అందరి ముందరా సెప్పినావు కదా. ఇది కూడా అందరి ముందరే సెప్పు.”

అంతవరకూ ఆమె నన్ను మీరు అనేది. మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

సోమవారం ఉదయం పని మొదలయ్యే ముందు అందరూ మిషను దగ్గర నిలబడినప్పుడు నేను మాట్లాడాను. ఇంజనీర్ని కదా, సగం ఇంగ్లీషులో, బిగించే దశలో హ్యాండ్లింగ్‌వల్ల జరిగిన లోపమని, శుభ్రం చేసినవాళ్ల తప్పు కాదని చుట్టు తిప్పి చెప్పాను. అందరూ తలలూపారు. దాంతో అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు రేకులు తుడిచే అతను మాత్రం కదల్లేదు.

“అయితే ఎవరి సెయ్యి సార్ అది?” అన్నాడు.

నాది అన్నాను.

అందరి కళ్లూ నా కుడిచేతి మీదికి వచ్చాయి. ఆ రోజు ఆమె చేతుల్ని వాళ్లు ఇలాగే చూశారు. చూడమని చూపించినవాణ్ణి నేనే. పెన్నుతో ఎవరూ చూపించలేదు. అయినా నాకు తెలియకుండానే నా చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ ముందుకు తెచ్చి అందరికీ కనబడేలా పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.