బలం బిళ్ళలు

నా భార్యలో ఏ లోపమూ లేదు. ఈ మాట రాయడానికి నాకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆమె బతికుండగా చెప్పవలసిన మాట. చెప్పలేదు. పోయిన చలికాలంలో ఆమె గుండెపోటుతో పోయింది. ఇన్నాళ్ళూ మోసినదాన్ని ఇప్పుడు ఈ పత్రిక చదివే మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానా? కావచ్చు. ఆ పిరికితనాన్ని కూడా నా తప్పులో కలిపి చూడండి.

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పెళ్ళయిన రెండో వేసవిలో ఇంటర్ పేపర్లు దిద్దడానికి మమ్మల్ని విజయవాడ పిలిచారు. పగలంతా దిద్దడం, సాయంత్రం లాడ్జి గది. నా భార్య చెవిటికల్లులో పుట్టింట్లో ఉంది. అక్కడ నేను డబ్బిచ్చి ఒకామె దగ్గరికి వెళ్ళాను. తోటివాళ్ళు లాక్కెళ్ళారని చెప్పుకోవచ్చు. ఎవరూ లాక్కెళ్ళలేదు. ఆ మనిషి మీద కూడా నింద వేయను. అక్కడ నాకు ఒక జబ్బు అంటింది. దాన్ని ఆమెకు అంటించినవాడూ నాలాంటి చదువుకున్నవాడే అయి ఉండవచ్చు.

పేపర్లు అయ్యాక నా భార్యను ఇంటికి తెచ్చుకున్నాను. కొద్ది రోజులకు నాకు మూత్రంలో మంట మొదలైంది. జగ్గయ్యపేటలో డాక్టర్లూ మందుల షాపులవాళ్ళూ అందరూ తెలిసినవాళ్ళే. విజయవాడలోనే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన స్లైడు చూసి గనేరియా కాదన్నారు. క్లమీడియా అయి ఉండాలి, దాన్ని ఖాయంగా తేల్చే పరీక్ష ఇక్కడ లేదు, లక్షణాలను బట్టి మందు ఇస్తానన్నారు. ఇప్పుడైతే మూత్రంతోనే తేల్చేస్తున్నారు.

క్లమీడియా నాకు కొత్త పేరు కాదు. ఇంటర్ రెండో సంవత్సరం సుఖవ్యాధుల పాఠంలో ఉంది. ఆ పాఠం రాగానే మా కాలేజీలో ఎవరైనా అనే మాట ఒకటే: ‘ఇది ఇంట్లో చదువుకోండి.’ అమ్మాయిలు తలలు దించుకుంటారు, వెనక బెంచీలో ఎవడో దగ్గుతాడు, మేం పేజీలు తిప్పేస్తాం. నేనూ అలాగే తిప్పేవాణ్ణి. కానీ చదవకుండా తిప్పలేదు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అది చాలా మామూలు జబ్బు. బాక్టీరియా వల్ల వస్తుంది, మామూలు మందుతో పోతుంది. చిక్కంతా అది కనబడకపోవడంలోనే ఉంది. ఆడవాళ్ళలో చాలామందికి మంట ఉండదు, జ్వరం ఉండదు, ఏమీ ఉండదు. లోపల గర్భనాళాలు మచ్చలు కట్టి మూసుకుపోతుంటే మనిషి మాత్రం వంట చేస్తూ, బావి దగ్గర బట్టలు ఉతుకుతూ మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. ఇక దాని లెక్కలంటారా, పరీక్ష చేయించుకున్నవాళ్ళే ఆ లెక్కల్లోకి ఎక్కుతారు. నా భార్య ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఎక్కనివ్వకుండా చూసింది నేనే.

ఆమెను తీసుకురమ్మన్నారు డాక్టర్. కుదరదన్నాను. అయితే ఇద్దరికీ రాస్తాను, ఆవిడకు ఏ బాధా లేకపోయినా వారం పూర్తిగా వాడాలి, మధ్యలో ఆపకూడదు, అంతవరకూ దూరంగా ఉండండి అన్నారు. నా మాత్రలు కాలేజీలో వేసుకున్నాను. ఉక్కపోత అని చెప్పి డాబా మీద పడుకున్నాను. ఆమె మాత్రలు అట్టలోంచి తీసి ఒక ఖాళీ సీసాలో పోసి ఇచ్చాను. బలం బిళ్ళలని చెప్పాను.

రెండో రోజో మూడో రోజో కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలో నీరసంగా కూర్చుని ఉంది.

“ఇవేం బలం బిళ్ళలండీ బాబూ! వేసుకున్న దగ్గర్నుంచీ కడుపులో తిప్పేస్తోంది. పొద్దున కక్కేశా కూడా. ఉన్న బలం కాస్తా పోయేట్టుంది.”

“అన్నం తిని వేసుకో.”

“తినే వేసుకున్నా. అయినా నాకేం తక్కువైందని? బస్సుల్లో పడి నలిగిపోయేది మీరు. మీరే వేసుకోండి, మీకే పనికొస్తాయి.”

“డాక్టర్ ఇచ్చాడు కదా...”

“ఏ డాక్టరండీ? నన్ను చూడకుండానే నాకు బలం లేదన్నాడా? భలేవాడే!”

నవ్వింది. ఆ నవ్వు ముందు నేను నిలబడి ఉన్నాను. బలం మందు ఆపితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆపకూడదని చెప్పాలంటే అది బలం మందు కాదని చెప్పాలి. నేను అల్లిన అబద్ధమే నాకు అడ్డం వచ్చింది. ఒక్క నిమిషం ధైర్యం చేస్తే చాలు. ఏడ్చేది, తిట్టేది, పుట్టింటికి వెళ్ళిపోయేది. వాళ్ళన్నయ్య నా గల్లా పట్టుకునేవాడు. కానీ ఆమెకు వైద్యం జరిగేది.

“సరే, మానెయ్,” అన్నాను.

నా తప్పు లాడ్జిలో జరిగిందని మీరు అనుకుంటూ ఉంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఈ రెండు మాటల్లో జరిగింది.

ఆ సంగతి ఆమెకు పెద్ద వేళాకోళమైపోయింది. చుట్టాలు కలిసినప్పుడల్లా చెప్పేది. “మా ఆయన బలం బిళ్ళలు తెచ్చాడమ్మా, నాలుగు వేసుకునేసరికి మంచం ఎక్కా!” అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

కొన్నేళ్ళకు గర్భం వచ్చింది. సంచిలో కాదు, నాళంలో. అది పగిలి లోపల రక్తం పోయి, విజయవాడ తీసుకెళ్ళేసరికి ప్రాణం మీదికి వచ్చింది. ఒక నాళం తీసేశారు. రెండోది పాత మచ్చలతో మూసుకుపోయి ఉందన్నారు. క్షయ వల్ల కూడా అలా అవుతుందని ఆ పరీక్షలు చేశారు. క్షయ లేదన్నారు. అప్పుడు డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా ఇన్ఫెక్షన్‌కు మందులు వాడారా అని అడిగింది. లేదండీ అన్నాను. ఆమె కేసు షీటు మీద అదే రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అది ఆ బాక్టీరియా పనేనని రుజువు ఉందా? లేదు. ఆ సందేహం నీడలో చాలా ఏళ్ళు తలదాచుకున్నాను. ఇప్పుడు ఆ నీడా వద్దు. మొదటి డాక్టర్ ఆమెను తీసుకురమ్మన్నప్పుడూ, ఈ డాక్టరమ్మ వరండాలో అడిగినప్పుడూ, నిజం బయటపడే తలుపు మూసింది నేనే. అలాంటివాడికి సందేహంలో దాక్కునే హక్కు ఎక్కడిది?

ఆ తర్వాత ఎవరింట్లో సీమంతం జరిగినా గాజుల పళ్ళెం ఆమెను దాటి పోయేది. క్రమంగా ఆమె తలనొప్పి అని చెప్పి వెళ్ళడం మానేసింది. ‘మీరు ఇంకో పెళ్ళి చేసుకోండి’ అని నాతో ఒకసారి అంది కూడా. వద్దన్నాను. దాంతో ఊళ్ళో నేను మంచివాణ్ణయ్యాను. గొడ్రాలినని ఆమె తల దించుకుంటే, గొడ్రాలిని ఏలుకున్నవాడినని నాకు గౌరవం పెరిగింది. ఇంతకాలం నన్ను నలిపింది ఈ గౌరవమే.

ఆమె పెదకర్మ నాడు భోజనాల దగ్గర వాళ్ళన్నయ్య నా చేతులు పట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు. “మా చెల్లెల్లో లోపం ఉన్నా ఈయన ఒక్క మాట అనలేదండీ. ఇంకోడైతే ఎప్పుడో వదిలేసేవాడు. దేవుడండీ మా బావ!”

అప్పుడైనా నోరు తెరవవలసింది. ఆయన చేతుల్లోంచి నా చేతులు తీసుకోలేదు. అంతే.

క్షమించమని అడగడం లేదు. అడగవలసిన మనిషి లేదు. ఇది రాస్తుంటే ఒళ్ళు తేలికవుతోంది. ఆ తేలికకు నేను తగనని తెలుసు, అయినా అవుతోంది.

కింద నా పేరు ఉండదు. ఉండనవసరం లేదు. నా భార్య అన్నయ్య ఈ పత్రిక అక్షరం వదలకుండా చదువుతాడు. బలం బిళ్ళల కథ చెల్లెలి నోట ఎన్నిసార్లు విన్నాడో, ఎంత నవ్వాడో నాకు తెలుసు. అక్కడికి వచ్చేసరికి ఆగుతాడు. ఈసారి మిగతాది కూడా చదువుతాడు.